‘డెవలప్‌మెంట్‌లో ఉంది’ అని ప్రకటించిన సైఫై, ఫాంటసీ సిరీస్‌లలో ఏవి నిజంగా వస్తాయి?

ప్రశ్న అడిగినాయన 2020 నుంచి ఒక పట్టిక రాసుకుంటున్నారట. ఏ ఫాంటసీ నవల సిరీస్‌గా వస్తోందని వార్త కనిపించినా, ఏ గేమ్‌ని సిరీస్‌గా తీస్తున్నారని తెలిసినా అందులోకి ఎక్కించేస్తున్నారు. ఇప్పటికి 23 పేర్లయ్యాయి, తెర మీదికి వచ్చినవి మాత్రం నాలుగే. "వార్త చదివిన రోజే ఇది వచ్చేదా, రానిదా అని పసిగట్టే మార్గం ఉందా? లేక వీళ్లంతా మనతో ఆడుకుంటున్నారా?" అన్నది ఆయన ప్రశ్న.

మార్గం ఉందండీ. నూటికి నూరుపాళ్లు పనిచేస్తుందని మాత్రం చెప్పను. వార్తలో "డెవలప్‌మెంట్" అన్న మాట ఒక్కటే ఉంటే ప్రస్తుతానికి రాదనే అనుకోండి. "సిరీస్ ఆర్డర్" (అంటే సిరీస్ తీసివ్వమని ఛానలో, స్ట్రీమింగ్ సంస్థో ఇచ్చే ఖరారు) అని ఉండి, పక్కన ఎన్ని ఎపిసోడ్లో కూడా ఉంటే వస్తుందని అనుకోండి. షూటింగ్ ఏ ఊళ్లో మొదలైందో కూడా రాశారంటే, అప్పుడు ఎదురుచూడడం మొదలుపెట్టండి. మీ 23 పేర్లనూ ఈ జల్లెడలో వేస్తే సగానికి పైగా కిందికి జారిపోతాయి.

ఇదంతా నాకెలా తెలుసంటే, నేను హైదరాబాద్‌లో వీఎఫ్ఎక్స్ రంగంలో పదహారేళ్లుగా ఉన్నాను. రోటో ఆర్టిస్టుగా చేరాను. అంటే కదిలే మనిషి చుట్టూ ఫ్రేము ఫ్రేముకీ గీత గీసి వెనకనున్న దృశ్యం నుంచి వేరుచేసే పని. గత ఎనిమిదేళ్లుగా మాత్రం బిడ్డింగ్ చూస్తున్నాను. స్క్రిప్టు వస్తుంది, చదివి ఏ సీన్లో ఎన్ని షాట్లకు గ్రాఫిక్స్ కావాలో, ఒక్కో షాటుకి ఎంతమంది ఎన్ని రోజులు కూర్చోవాలో లెక్కగట్టి ధర చెప్పాలి. ఆ స్క్రిప్టులు మా దగ్గరికి చాలాసార్లు షో ఖరారు కాకముందే వస్తాయి, ఎందుకంటే ఖర్చెంతో తెలిస్తేనే కదా పైవాళ్లు సరే అనేది. అందుకే మీకు పేరు కూడా తెలియని షోలు నా ఎక్సెల్ షీట్లలో పుట్టి అక్కడే పోయాయి.

అసలు "డెవలప్‌మెంట్" అంటే

మన దగ్గర పొలం కొనే పద్ధతి తెలుసు కదా. ముందు అగ్రిమెంటు రాసుకుని అడ్వాన్సు ఇస్తాం. గడువు పెట్టుకుంటాం. ఆ లోపు మిగతా డబ్బు కట్టి రిజిస్ట్రేషన్ చేయించుకోకపోతే అడ్వాన్సు పోతుంది, పొలం రైతు దగ్గరే ఉంటుంది. నవల హక్కులదీ ఇదే తంతు. స్టూడియో నవలను ఒకేసారి కొనేయదు, కొంత డబ్బిచ్చి "ఇన్నాళ్ల పాటు ఇంకెవరికీ అమ్మొద్దు" అని ఆప్షన్ రాయించుకుంటుంది. ఆ గడువులో ఒక రచయితను పెట్టి పైలట్ స్క్రిప్టు, అంటే నమూనాగా తీసే మొదటి ఎపిసోడ్ స్క్రిప్టు, రాయిస్తారు. నచ్చకపోతే ఇంకొకరితో రాయిస్తారు. ఇదంతా కలిపి డెవలప్‌మెంట్. పెద్ద స్టూడియోకి ఇది చిల్లర ఖర్చే. పది పొలాలకు అడ్వాన్సులిచ్చి ఒక్కటి రిజిస్టర్ చేయించుకున్నా నష్టం లేదు వాళ్లకి. మనం మాత్రం పదింటికీ గృహప్రవేశం పిలుపులు వచ్చినట్టు సంబరపడతాం.

గడువు దగ్గరపడితే ఏం చేస్తారో చెప్పడానికి ‘వీల్ ఆఫ్ టైమ్’ కథ కంటే మంచిది లేదు. రాబర్ట్ జోర్డన్ నవలల హక్కులు ఒక కంపెనీ దగ్గర ఉండేవి. నిర్ణీత తేదీలోగా ఏదో ఒకటి తీయకపోతే హక్కులు వెనక్కి పోతాయి. 2015 ఫిబ్రవరిలో, గడువుకి ఇంకా రెండు రోజులే ఉందనగా, అమెరికాలో ఎఫ్ఎక్స్ఎక్స్ ఛానల్లో అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నరకి ‘వింటర్ డ్రాగన్’ అని ఒక అరగంట పైలట్ ప్రసారమైంది. ముందు ప్రకటన లేదు, ప్రచారం లేదు. టెలీషాపింగ్ వాళ్లు కొనుక్కునే లాంటి స్లాటు డబ్బిచ్చి కొనుక్కుని వేశారు. రచయిత భార్య హ్యారియట్ మెక్‌డూగల్, ఆయన నవలలన్నిటికీ ఎడిటర్ కూడా ఆవిడే, తనకు దీని గురించి ఏమీ తెలియదని బాహాటంగానే ప్రకటించారు. పొలం చేజారిపోకుండా రాత్రికి రాత్రి వెళ్లి నాలుగు చాళ్లు దున్ని, "సాగు చేశాం, చూసుకోండి" అన్నట్టు ఉంటుంది. ఆ తర్వాత 2018లో అమెజాన్ అసలైన సిరీస్ ఆర్డరు ఇచ్చింది, 2021 నవంబర్లో వచ్చింది, మూడు సీజన్లు నడిచి 2025 మేలో ఆగిపోయింది. మొదటి నవల 1990లో వచ్చిందని గుర్తుపెట్టుకుంటే ఆ అభిమానుల ఓపిక ఎంతటిదో తెలుస్తుంది.

మరి ఇంకా ఏమీ తేలని దాన్ని ఊరంతా చాటడం దేనికి? ఒక కారణం ఏజెంట్లు. తమ రచయితకి ఫలానా సంస్థతో ఒప్పందం కుదిరిందని సినిమా పత్రికల్లో పడితే రేపు ఇంకోచోట రేటు పెరుగుతుంది. ఇంకో కారణం షేర్ మార్కెట్. 2020 డిసెంబర్లో డిస్నీ తన ఇన్వెస్టర్ల సమావేశంలో, రాబోయే కొన్నేళ్లలో మార్వెల్ నుంచి ఓ పది సిరీస్‌లు, స్టార్ వార్స్ నుంచి ఓ పది అని వరసగా చదివింది. ఆ వరసలో ‘యాండోర్’ ఉంది, వచ్చింది, బ్రహ్మాండంగా వచ్చింది. అదే వేదిక మీద ‘రేంజర్స్ ఆఫ్ ద న్యూ రిపబ్లిక్’ కూడా ప్రకటించారు, లోగోతో సహా. అది రానేలేదు. లోగో చేయడానికి ఒక డిజైనరు, రెండు రోజులు చాలండీ. లోగో చూసి నమ్మకండి.

మా బల్ల మీద ఎలా కనిపిస్తుందంటే

కొన్నేళ్ల కిందట ఒక పెద్ద ఫాంటసీ నవల తాలూకు పైలట్ స్క్రిప్టు మాకొచ్చింది. అసలు పేరుండదు, ఒక కూరగాయ పేరు కోడ్‌నేమ్‌గా పెట్టారు. ప్రతి పేజీ మీద నా పేరు వాటర్‌మార్కుగా అడ్డంగా ఉంటుంది, లీకైతే ఎవరి మెడకి చుట్టుకుంటుందో తెలియాలి కదా. ఫోన్లు బయట లాకర్లో పెట్టాలి. చదివే కంప్యూటర్‌కి ఇంటర్నెట్ ఉండదు.

ముప్పై ఎనిమిదో పేజీలో ఒక లైను: "కొండ మీద సైన్యం కనిపిస్తుంది." రచయితకి అది మూడు సెకన్ల టైపింగు. నాకది ఎన్ని ప్రశ్నలో! ఎంతమంది సైన్యం? గుర్రాలున్నాయా? గుర్రాలుంటే దుమ్ము లేస్తుంది, దుమ్ము లేస్తే దాని కదలికను కంప్యూటర్‌లో పుట్టించే సిమ్యులేషన్ కావాలి. పగలా, రాత్రా? రాత్రయితే కాగడాలు, కాగడాలుంటే ప్రతి కవచం మీదా వెలుగు ఆడాలి. కెమెరా నిలబడి చూస్తుందా, పైనుంచి ఎగిరి వస్తుందా? ఆ ఒక్క లైనుకి 34 షాట్లు వేశాం. మొత్తం పైలట్‌కి 410. ధర పంపాం. మూడు వారాలకి స్క్రిప్టు తిరిగొచ్చింది, సైన్యం లేదు. "దూరంగా కొమ్ముబూర శబ్దం వినిపిస్తుంది" అని మార్చారు. షాట్లు 260కి దిగాయి. ఇంకో ఏడాదికి ఇంకో రచయిత, ఇంకో డ్రాఫ్టు. ఈసారి సైన్యం ఉంది, డ్రాగన్ లేదు. ఆ తర్వాత ఒక మెయిలు వచ్చింది: "ప్రస్తుతానికి ఆపండి, థాంక్యూ." అంతే. ఈ రెండున్నరేళ్లూ ఇంటర్నెట్‌లో అభిమానులు హీరో ఎవరైతే బాగుంటుందని కొట్టుకుంటూనే ఉన్నారు. ఇప్పటికీ కొట్టుకుంటున్నారు.

దీనివల్ల నాకు తెలిసిందేమిటంటే, ఫాంటసీ సిరీస్ ఆగిపోయేది ఎక్కువగా కథ బాలేక కాదు. ఒక్కో ఎపిసోడ్‌కి ఎంతవుతుందో అంకె కళ్ల ముందుకొచ్చినప్పుడు ఆగిపోతుంది. ‘రింగ్స్ ఆఫ్ పవర్’ మొదటి సీజన్‌కి న్యూజీలాండ్ ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు 46.5 కోట్ల డాలర్లు ఖర్చయింది, హక్కులకి పోసింది కాక. అంత పెట్టగలిగేవాళ్లు ప్రపంచంలో ఎంతమందున్నారు? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పైలట్ తీశారంటే వచ్చేసినట్టేనా

కాదు. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ మొదటి పైలట్ 2009లో తీశారు. చూసినవాళ్లకి ఎవరు ఎవరి తమ్ముడో కూడా అర్థం కాలేదట. ఇద్దరు ముఖ్య నటీమణుల్ని మార్చి, దాదాపు మొత్తం మళ్లీ తీసి, 2011 ఏప్రిల్లో వదిలారు. అది అదృష్టవంతుల కథ. దానికే పూర్వకథగా నయోమీ వాట్స్‌తో 2019లో ఒక పైలట్ తీశారు. మూడు కోట్ల డాలర్ల పైనే ఖర్చయిందని తీయించిన హెచ్‌బీఓ మాతృసంస్థలో అప్పటి పెద్దాయనే తర్వాత చెప్పారు. చూసుకున్నారు, నచ్చలేదు, మూలన పెట్టేశారు. అది ఆగిందన్న వార్త వచ్చిన 2019 అక్టోబర్ 29నే ‘హౌస్ ఆఫ్ ద డ్రాగన్’కి పైలట్ కూడా అడగకుండా నేరుగా 10 ఎపిసోడ్ల ఆర్డరు ఇచ్చారు. మొదటిది చచ్చింది, రెండోది 2022 ఆగస్టులో వచ్చింది. ఆ రోజు రెండు వార్తలూ పక్కపక్కన చదివినవాళ్లకి నేను పైన చెప్పిన జల్లెడ ఏమిటో బాగా తెలిసి ఉంటుంది.

సిరీస్ మొత్తం తీసి, గ్రాఫిక్స్ కూడా అయిపోయాక ఆగినవి కూడా ఉన్నాయి. మన వాళ్లు తెలుసుకోవాల్సిన కేసు ఒకటుంది: ‘నాటిలస్’. జూల్స్ వెర్న్ నవలల్లోని కెప్టెన్ నెమో అసలు భారతీయ యువరాజు, బుందేల్‌ఖండ్ వాడు. చాలా సినిమాలు ఆ సంగతి వదిలేశాయి. ఈ సిరీస్‌లో అతన్ని భారతీయుడిగానే చూపించారు, షజాద్ లతీఫ్ వేశాడు. ఆస్ట్రేలియాలో పది ఎపిసోడ్లూ డిస్నీ ప్లస్ కోసం తీశారు. 2023 ఆగస్టులో, మాకొద్దు అనేసింది డిస్నీ. తర్వాత బ్రిటన్‌లో ప్రైమ్ వీడియో 2024లో వేసింది, అమెరికాలో ఏఎంసీ 2025లో వేసింది. అంటే వంట మొత్తం అయిపోయాక విస్తళ్లు తీసేశారు, పక్క పందిట్లో వడ్డించారు. నెమో భారతీయుడని మనలో చాలామందికి తెలిసేసరికే రెండేళ్లు ఆలస్యమైంది.

మన ఇంటి ఉదాహరణ కూడా చెప్పాలి. 2018లో నెట్‌ఫ్లిక్స్ ‘బాహుబలి: బిఫోర్ ద బిగినింగ్’ ప్రకటించింది. ఆనంద్ నీలకంఠన్ రాసిన శివగామి నవల ఆధారం, దేవా కట్టా, ప్రవీణ్ సత్తారు దర్శకులు, శివగామిగా మృణాల్ ఠాకూర్. ఆర్డరుంది, దర్శకులున్నారు, షూటింగూ జరిగింది. నా జల్లెడ ప్రకారం రావాలి. రాలేదు. తీసింది పక్కన పెట్టారు, మళ్లీ కొత్తగా మొదలుపెట్టాలని చూశారు, అదీ ఆగింది. హైదరాబాద్‌లో మా రంగంలో ఉన్నవాళ్లకి అది చాలా రోజులు కడుపుమంటే. మనవాళ్లు ఆ స్థాయి సిరీస్ తీయగలరని చూపించే అవకాశం అది. బాహుబలి లోకం సిరీస్‌గా వచ్చిందంటే యానిమేషన్‌లోనే: 2017లో ‘ద లాస్ట్ లెజెండ్స్’, 2024 మేలో ‘క్రౌన్ ఆఫ్ బ్లడ్’.

మీ పట్టికలో పేర్లు

మీరు అడిగిన వాటిలో నేను మాట్లాడగలిగిన వాటి గురించి మాత్రమే చెప్తాను.

‘న్యూరోమాన్సర్’: వస్తుంది. విలియం గిబ్సన్ 1984 నవల, దశాబ్దాలుగా సినిమాగా తీస్తామని ఎవరెవరో చెప్పి చేతులెత్తేశారు. యాపిల్ 2024 ఫిబ్రవరిలో 10 ఎపిసోడ్ల ఆర్డరిచ్చింది, 2025లో షూటింగు మొదలైంది. కాలమ్ టర్నర్ హీరో. ఒక హెచ్చరిక: ఇదే గిబ్సన్ రాసిన ‘ద పెరిఫెరల్’కి అమెజాన్ రెండో సీజన్ ప్రకటించి, ఆరు నెలలకి వెనక్కి తీసుకుంది. కాబట్టి మొదటి సీజన్ వస్తుందని అంటున్నాను, అంతవరకే.

హ్యారీ పోటర్ సిరీస్: 2023 ఏప్రిల్లో ప్రకటన, 2025 జూలైలో బ్రిటన్‌లోని లీవ్స్‌డెన్‌లో షూటింగ్ మొదలు. దీని గురించి అనుమానం అక్కర్లేదు. పిల్లల్ని తీసుకున్నాక స్టూడియో ఆగదు, వాళ్లు ఎదిగిపోతారు కదా.

‘బ్లేడ్ రన్నర్ 2099’: 2022 సెప్టెంబర్లో ఆర్డరు, మిషెల్ యో ఉంది, 2024లో ప్రాగ్‌లో తీశారు. ఇంత ఆలస్యమేమిటని మీరు రాశారు. ఆ లోకంలో ఎప్పుడూ వాన, పొగమంచు, నియాన్ వెలుగులు. తడి నేల మీద ప్రతి వెలుగూ మళ్లీ కనిపించాలి. షూటింగు అయ్యాక మా లాంటి వాళ్ల దగ్గర ఏడాది గడిచిపోవడం ఇలాంటి షోకి మామూలే.

‘గాడ్ ఆఫ్ వార్’: వీడియో గేమ్ ఆధారం, 2022 డిసెంబర్లో ఆర్డరు. 2024లో షోరన్నర్ (సిరీస్ మొత్తాన్ని నడిపించే ప్రధాన రచయిత) వెళ్లిపోయి, ‘బాటిల్‌స్టార్ గలాక్టికా’ తీసిన రోనాల్డ్ డి. మూర్ వచ్చారు. షోరన్నర్ మారాడన్న వార్త వస్తే అప్పటిదాకా రాసిన స్క్రిప్టులు చాలావరకు చెత్తబుట్టలోకి వెళ్లాయని అర్థం. మీ లెక్కలో రెండేళ్లు కలుపుకోండి. ఇంకో గేమ్ ‘అసాసిన్స్ క్రీడ్’కీ ఇదే జరిగింది. 2020 అక్టోబర్లో ప్రకటించారు, మొదటి షోరన్నర్ వెళ్లిపోయాడు, 2025 జూలైకి గానీ తీయమని గ్రీన్‌లైట్ రాలేదు. పోల్చి చూడాలంటే ‘ఫాలౌట్’ తీసుకోండి. అదీ 2020 జూలైలోనే ప్రకటించారు. జొనథన్ నోలన్ బృందం చివరిదాకా కదల్లేదు, 2024 ఏప్రిల్‌కి వచ్చేసింది.

‘వార్‌హామర్ 40,000’: ఇదీ గేమే. నటుడు హెన్రీ కావిల్ పేరు చూసి మీరు దీనికి మూడు చుక్కలు పెట్టుకున్నారు. తీసేయండి. 2022 డిసెంబర్లో మొదటి ప్రకటన. 2023 డిసెంబర్లో ఒప్పందం కుదిరింది, కానీ కథ ఎలా ఉండాలన్న మార్గదర్శకాలు ఏడాదిలోగా తేల్చుకోవాలని షరతు. 2024 డిసెంబర్లో అవి తేలాయి. రెండేళ్లు పట్టింది ఏం తీయొచ్చో, ఏం తీయకూడదో ఒప్పుకోవడానికే. ఇది డెవలప్‌మెంటే. ‘మాస్ ఎఫెక్ట్’ గేమ్‌ది కూడా అదే గది, తలుపు దగ్గరికి కొంచెం జరిగి కూర్చుంది, అంతే.

సమ్మె సంగతి

2023లో హాలీవుడ్ రచయితలు మే 2న సమ్మెకి దిగారు, 148 రోజులు. జూలైలో నటులూ చేరారు, నవంబర్ దాకా. మీ పట్టికలో 2022లో ప్రకటించినవన్నీ వెనకబడడానికి సగం కారణం అదే. ఆ సమ్మె న్యాయమైనదేనని నా అభిప్రాయం, మినీరూమ్‌లంటూ కొద్దిమంది రచయితల్ని పది వారాలు కూర్చోబెట్టి పంపేస్తే వాళ్లెలా బతుకుతారు?

కానీ దెబ్బ ఇక్కడిదాకా తగిలింది. అప్పుడు మేం పనిచేస్తున్న సంస్థ, ఖాయమనుకున్న ఒక షో కోసం పద్నాలుగు మందిని అట్టిపెట్టింది. ఆర్డరు వార్త నేనూ చదివాను, బిడ్డు మాదే ఓకే అయింది. మా రోటో టీంలో రాజమండ్రి కుర్రాడొకడికి బెంగళూరులో ఆఫరొచ్చింది. "అన్నా, వెళ్లనా?" అని అడిగాడు. ఇంత పెద్ద షో వస్తోంది, ఉండిపో అన్నాను. జూన్‌లో రావాల్సిన ప్లేట్లు (మేం గ్రాఫిక్స్ కలపాల్సిన షూటింగ్ దృశ్యాలు) ఆగస్టు అయినా రాలేదు. సెప్టెంబర్లో పద్నాలుగు మందిలో తొమ్మిది మందిని పంపించేశారు, వాడితో సహా. ఇప్పుడు రాజమండ్రిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తున్నాడు, కలర్ అద్భుతంగా చేస్తాడు. ఆ షో ఏడాదిన్నర ఆలస్యంగా వచ్చింది, మీ నాలుగింటిలో అదొకటి. చివర్లో వేగంగా పరిగెత్తే పేర్లలో వాడి పేరు లేదు. అప్పట్నుంచీ షూటింగు మొదలైందని ఊరి పేరుతో సహా రాసి ఉంటే తప్ప ఎవరికీ సలహా ఇవ్వడం మానేశాను.

ఒక చిట్కా చెప్పి ఆపుతాను. వార్తల్లో నటుల పేర్ల కంటే ప్రొడక్షన్ డిజైనర్ పేరు కోసం చూడండి. నటుడి పేరు ప్రచారానికి ముందే బయటికొస్తుంది. సెట్లు వేసేవాళ్లకి జీతం మొదలైందంటే అసలు డబ్బు కదిలినట్టు.

మీ పట్టికలో పద్నాలుగోది గురించి మాత్రం నన్ను అడక్కండి. బయటపెట్టనని సంతకం పెట్టాను.